రంగు వేయని కుండ

మా అమ్మాయి సునీత ఇంట్లో టీవీ పక్కన ఒక అద్దాల అల్మారా ఉంది. అందులో ఇప్పుడు ఒక షీల్డు నిలబెట్టారు. బంగారు రంగు పూసిన ప్లాస్టిక్ షీల్డు. మధ్యలో ఏదో గాజు సీసా బొమ్మ, కింద నా మనవరాలు జెస్సీ పేరు, ఆ కింద మొదటి బహుమతి అని ఇంగ్లీషు అక్షరాలు. ఇంటికి ఎవరు వచ్చినా సునీత ముందు వాళ్ళను దాని దగ్గరికి తీసుకుపోతుంది. వచ్చినవాళ్ళు ‘అబ్బో’ అంటారు, జెస్సీ బుగ్గ గిల్లుతారు. నేను లేచి వంటింట్లోకి పోతాను. అక్కడే కూర్చుంటే నా నోరు ఊరుకోదని నాకు తెలుసు, నాకంటే ఎక్కువగా సునీతకు తెలుసు.

వయసు పెరిగితే మనిషి నెమ్మదిస్తాడంటారు. నా విషయంలో అది శుద్ధ అబద్ధం. ఉద్యోగమంతా చిన్న బళ్ళలో టీచరుగానే చేశాను, ఎక్కువ కాలం జైనూర్ పక్కన గుట్టల్లో. రిటైరైన తర్వాత కరీంనగర్‌లో కూతురి దగ్గర ఉంటున్నాను, కొంచెం రాసుకుంటూ, ఎక్కువ పోట్లాడుతూ. ఆ షీల్డు మీద ఉన్న కోపంతోనే ఇది రాస్తున్నాను. మా అవ్వ గురించి, అంటే మా అమ్మ గురించి, మా బాపు రంజనుకు పూసిన పచ్చరంగు గురించి ఎప్పటినుంచో రాయాలనుకుంటూ బద్ధకించాను. ఆ ప్లాస్టిక్ ముక్క నన్ను కూర్చోబెట్టి రాయిస్తోంది. దానికి ఆ మాత్రం ఉపయోగమైనా ఉండనీ.

మొదలైంది ఒక మంచి ప్రశ్నతో. ఎండలు అప్పుడప్పుడే ముదురుతున్నాయి. మధ్యాహ్నం కరెంటు పోయింది, చాలాసేపు రాలేదు. బడి నుంచి వచ్చిన జెస్సీ ఫ్రిజ్ తెరిచి సీసా నోట్లో పెట్టుకుని మొహం చిట్లించింది. నేను వంటింటి మూల నా కోసం పెట్టుకున్న కుండలోంచి ఒక గ్లాసు ముంచి ఇచ్చాను. గటగటా తాగేసి, గ్లాసు దించకుండానే కుండ వైపు చూసింది. “అమ్మమ్మా, దీనికి కరెంటు లేదు కదా. నీళ్ళు ఎట్ల చల్లగైనయ్?” అంది. నాలుగో తరగతి పిల్ల. రోజూ సంచెడు పుస్తకాలు మోసుకుపోతుంది, మోసుకొస్తుంది. ఇన్నాళ్ళలో ఆ పిల్ల నోటి నుంచి పుస్తకం అడగమన్న ప్రశ్న కాకుండా, తనకు పుట్టిన ప్రశ్న రావడం అదే మొదటిసారి విన్నాను. దానికి జవాబు ఒక్క మాట. నా నాలుక చివరే ఉంది. చెప్పలేదు. మా అవ్వ అయితే చెప్పేది కాదు, అందుకని నేనూ చెప్పలేదు.

మా ఊరు చెన్నూరు. గోదారి నుంచి వచ్చే గాలి ఎండాకాలంలో చల్లగా కాదు, ఇసుకను మోసుకొచ్చి ముఖాన కొట్టేది. మాది పెంకుటిల్లు, ముందు చిన్న వసారా, వెనక దొడ్డి. వసారాలో ఎడమ వైపు మూలన ఇసుక పరిచి దాని మీద రంజను పెట్టేది అవ్వ. రంజను అంటే మనిషి రెండు చేతులు చాచి కౌగిలించుకుంటే గానీ లేవని మట్టి కుండ, నీళ్ళు చల్లగా ఉండటానికే చేసేది. తెల్లవారకముందే బాయి నుంచి నీళ్ళు తెచ్చి, పాత ధోవతి గుడ్డ మడత పెట్టి వడబోసి నింపేది. రంజను నుంచి చెమట పట్టినట్టు నీళ్ళు ఊరి కింద ఇసుకలోకి దిగేవి. ఆ తడి వృథా పోకుండా అవ్వ ఆ ఇసుకలో ధనియాలు నలిపి చల్లేది. ఎండాకాలమంతా మా ఇంట్లో రంజను మొదలు చుట్టూ కొత్తిమీర పచ్చగా ఉండేది. పొద్దున లేచి వసారాలోకి వస్తే తడిమట్టి వాసన, కొత్తిమీర వాసన, పొయ్యి మీద జొన్నరొట్టె మాడుతున్న వాసన ఒక్కసారే ముక్కుకు తగిలేవి. వాటి మధ్య బాపు ముక్కులోంచి పాడే కీర్తన. మాది చర్చి ఇల్లు. రొట్టె చేతికి రావాలంటే ముందు ప్రార్థన కావాలి, బాపు ప్రార్థన పొడుగు, అవ్వ మధ్యలో దగ్గితే గానీ ఆమెన్ వచ్చేది కాదు.

అవ్వకు చదువు రాదు. బాపుకు బైబిలు చదివేంత వచ్చు. అయినా ఆ ఇంట్లో నేను, నా తమ్ముడు దానేలు నేర్చుకున్నంత తర్వాత ఏ బడిలోనూ నేర్చుకోలేదు. అవ్వకు అన్నీ తెలుసని కాదు. ఆమెకు చాలా విషయాలు తెలియవు, తెలియదని చెప్పడానికి సిగ్గుపడేది కాదు. అదే ఆమె గొప్ప. ఒకసారి అవ్వ చీర కొంగు మీద పసుపు మరక పడింది. ఉతుకుతుంటే సబ్బు తగలగానే ఆ మరక ఎర్రగా మారింది. రక్తమనుకుని నేను కేకలు పెట్టాను. ఎందుకు ఎర్రగైందని అడిగితే, “నాకు ఎర్కలే బిడ్డా. సూద్దాం” అంది. చేతులు తుడుచుకుని వచ్చి, మోదుగాకులో ఇంత పసుపు కలిపి మా ముందు పెట్టింది. పక్కన సబ్బు ముక్క, సున్నం, పొయ్యి బూడిద, చింతపండు. “దేనికి ఎర్రగైతదో, దేనికి గాదో మీరే సూడున్రి. నాకు పనున్నది” అని పోయింది. ఆ మధ్యాహ్నమంతా మేమిద్దరం చేతులు, మూతులు పసుపు చేసుకుని కూర్చున్నాం. చింతపండు రసం పోస్తే ఎర్రది మళ్ళీ పసుపుగా మారడం చూసి దానేలు లేచి గంతులేశాడు. ఇప్పుడు దాన్నే రంగురంగుల డబ్బాలో పెట్టి, చిన్న సీసాల్లో పోసి, పిల్లల సైన్స్ కిట్ అని అమ్ముతున్నారు. డబ్బా మీద నవ్వుతున్న పిల్ల బొమ్మ. ఆ పిల్ల చేతికి పసుపు అంటలేదు.

ఇంకొకటి చెప్పాలి, ఎందుకంటే నా కోపానికి అసలు వేరు అక్కడుంది. తొలకరికి ముందు బాపు విత్తనాలు పరీక్ష పెట్టేవాడు. పిడికెడు గింజలు తడిపిన గోనెసంచి ముక్కలో చుట్టి నీళ్ళ గాబు పక్కన పెట్టి, రోజూ నీళ్ళు చిలకరించే పని నాకు, విప్పి చూసే పని దానేలుకు ఇచ్చేవాడు. ఎన్ని మొలిచాయో, ఎన్ని మొలవలేదో వేరు చేసి చూపించాలి. ఒకసారి బాపు దిగులుగా ఉన్నాడని దానేలు మొలవని గింజలను కాలితో గాబు కిందికి తోసేసి, “అన్ని మొలిచినయ్ బాపు” అన్నాడు. అవ్వ చూసింది. వాడిని కొట్టలేదు. పక్కన కూర్చోబెట్టుకుని, “నువ్వు అబద్దం జెప్పి బాపును నవ్వించినవ్. రేపు చేన్ల గింజ మొలవకుంటె మనం ఏం దింటం రా? నీ నవ్వు దింటమా?” అంది. మా ఇంట్లో చూసింది చూసినట్టు చెప్పడం నీతిపాఠం కాదు. అది తిండి. చూడనిదాన్ని చూశానని చెబితే ఆ ఏడాది అందరికీ పస్తులే.

ఇక రంజను సంగతి. బాపు చేను మనిషే గానీ, ఎండాకాలం పని లేనప్పుడు గోడలకు సున్నం, తలుపులకు రంగు వేయడానికి పోయేవాడు. ఆయనకు రంగుల పిచ్చి. డబ్బా అడుగున ఇంత మిగిలితే చాలు, ఇంట్లో ఏదో ఒక వస్తువుకు ఆయుష్షు తీరినట్టే. మా స్టూలు నీలం, పెట్టె ఎరుపు, ఒకసారి కోడిగంపకు కూడా పూశాడు. ఆ ఏడు ఈస్టర్‌కు ముందు మా చర్చి తలుపులకు పచ్చరంగు వేశారు. పండుగ ఆరాధనకు మంచిర్యాల నుంచి పాస్టరు అయ్యగారు రావాలి, భోజనం మా ఇంట్లో. అవ్వ పొలం పోయి వచ్చేసరికి రంజను పచ్చగా నిగనిగలాడుతోంది. మెడ చుట్టూ తెల్ల చుక్కలు కూడా పెట్టాడు. బాపు కాస్త దూరం జరిగి, చేతులు వెనక్కి కట్టుకుని, పెళ్ళికూతురిని చూసినట్టు చూసుకుంటున్నాడు.

“ఎట్లున్నది?” అన్నాడు.

“తాగే నీళ్ళ రంజనుకు రంగెందుకయ్యా, నీ చేతులు ఊకుండయా?” అంది అవ్వ. అప్పటికి అంతే. వాసన పోయేదాకా రంజనును రెండు మూడు రోజులు ఖాళీగా పెట్టి, ఆ తర్వాత నింపింది.

సాయంత్రం బాపు పని నుంచి వచ్చి చెంబెడు నీళ్ళు నోట్లో పోసుకుని ఆగిపోయాడు. మింగాడు. అవ్వ తాగింది. “నీళ్ళు సల్లగ లెవ్వు” అంది. బాపు, ఎండ ఎక్కువైంది అన్నాడు. మరునాడు, బాయి నీళ్ళే వేడిగున్నయ్ అన్నాడు. ఆ మరునాడు, నీ నోరే వేడిగున్నది అన్నాడు. అవ్వకు అరికాలి మంట నెత్తికెక్కింది. “ఓ రూతి బాపూ, నువ్వు రంగు పూసినంకనే గిట్లయింది” అంది. రూతిని నేనే. బాపు ఒప్పుకోలేదు. “రంగు బయటున్నది, నీళ్ళు లోపలున్నయ్. రంగుకు నీళ్ళకు ఏం సంబంధమే?” అన్నాడు. అడిగింది న్యాయమైన ప్రశ్నే. ఇంకొకరైతే గొంతు పెంచి గెలిచేవాళ్ళు. అవ్వ మాత్రం, “నాకు ఎర్కలే. సూద్దాం” అంది.

కుమ్మరి దగ్గర నుంచి అదే కొలతది ఇంకో రంజను తెప్పించింది. కొత్తది నానబెట్టి, రెండింటినీ వసారాలో పక్కపక్కన ఇసుక మీద పెట్టి, ఒకే బాయి నీళ్ళు ఒకే పొద్దున నింపింది. సాయంత్రం నన్ను, దానేలును పిలిచింది. ముందు చేతులు కడిగించింది. “గీ నీళ్ళు తాగేటివి గావు, చెట్లకు పోస్త. చెయ్యి పెట్టి సూడున్రి” అంది. దానేలు చెయ్యి పెట్టకముందే అవ్వ మొహం చూసి, “పచ్చదే వేడిగున్నది” అన్నాడు. వాడి నెత్తి మీద ఒకటి మొట్టింది. “నేనన్నది గాదు, బాపు అన్నది గాదు. నీ చెయ్యి ఏమంటున్నదో గది జెప్పు.” ఇన్నేళ్ళ బడి జీవితంలో నేను విన్న సైన్స్ పాఠాలన్నీ ఒక పక్క, ఆ ఒక్క మాట ఒక పక్క. చెయ్యి పెట్టాం. పచ్చదానిలో నీళ్ళు ఒంటికి పోసుకునేటంత వెచ్చగా ఉన్నాయి. మట్టిదానిలో మోచేతి దాకా జిల్లుమంది. బాపు అప్పుడూ ఒప్పుకోలేదు. పచ్చదాని మీద ఎండ పొడ పడిందన్నాడు. సరే, మరునాడు అవ్వ రెండింటి జాగాలు మార్చింది. మళ్ళీ అదే. అప్పుడు నేను కింద చూశాను. పాత మూలలో, పచ్చ రంజను ఇన్ని రోజులు కూర్చున్న చోట, కొత్తిమీర వాడి తలలు వేలాడేసింది. ఇప్పుడు అది కూర్చున్న చోట ఇసుక పొడిగా ఉంది. “అవ్వా, దీనికి చెమట పడ్తలేదు” అన్నాను. బాపు వంగి పచ్చ రంజను మీద అరచెయ్యి రాశాడు. పొడి చెయ్యి. మట్టి రంజను మీద రాశాడు. తడి. చివరికి, “అరె, నేను దాని నోరు మూసిన గదా” అన్నాడు. బాష్పీభవనం అన్న మాట నాకు చాలా తర్వాత, పెద్ద బళ్ళో, నల్లబల్ల మీద కనిపించింది. ఆ మాట వచ్చేసరికి దాని అర్థం నా చేతికి ఎప్పుడో తెలుసు.

ఈస్టర్ రోజు ఆరాధన అయ్యాక అయ్యగారు వచ్చారు. మా దగ్గర ఇంటికొచ్చినవాళ్ళకు ముందు నీళ్ళివ్వాలి, తర్వాతే మాట. అవ్వ మట్టి రంజను నుంచి ముంచి ఇచ్చింది. పచ్చదాన్ని దొడ్లోకి తీసుకుపొమ్మని పొద్దుటి నుంచి బాపుకు చెబుతూనే ఉంది, ఆయన తీయలేదు. అయ్యగారి చూపు దాని మీద పడింది. “రంజను మంచిగున్నదే దేవయ్యా” అన్నారు బాపుతో. మా అవ్వ తల దించుకుంది. బాపు మాత్రం నవ్వుతూ, “మంచిగున్నది అయ్యగారూ, మీరు వస్తున్నరని నేనే పూసిన. నీళ్ళు మాత్రం ఖరాబైనయ్. కావాల్నంటె చెయ్యి పెట్టి సూడున్రి” అన్నాడు. తెల్ల అంగీ వేసుకున్న ఆ పెద్దమనిషి, ఊరంతా లేచి నిలబడే మనిషి, చేతులు కడుక్కొచ్చి, అంగీ చెయ్యి పైకి మడిచి, ఒక రంజనులో పెట్టారు. ఇంకోదానిలో పెట్టారు. మళ్ళీ మొదటిదానిలో పెట్టారు. మడత జారి అంగీ చెయ్యి తడిసింది. “అయ్యో, మా ఇంట్ల అమ్మగారు క్రిస్మస్‌కు రంజను నిండ రంగుల పూలేసింది. గందుకేనా నీళ్ళు గట్లున్నయ్! నేను కుమ్మరాయన మీద కోపానికొస్తున్న” అని పడీ పడీ నవ్వారు. బాపు నవ్వాడు. అవ్వ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. పిల్లలమైన మా ముందు ఇద్దరు పెద్ద మగవాళ్ళు తాము పొరపడ్డామని చెప్పుకుని నవ్వారు, ఎవరి పరువూ పోలేదు. పచ్చ రంజను ఆ తర్వాత జొన్నలు పోసుకోవడానికి పనికొచ్చింది.

గుట్టల్లో పనిచేసినప్పుడు మా బడికి ఒక సైన్స్ పెట్టె వచ్చింది. అయస్కాంతాలు, భూతద్దాలు, గాజు గొట్టాలు. ఆ బడిలో నాకు పైన ఉన్న పెద్దసారు దాన్ని బీరువాలో పెట్టి తాళం వేశాడు. అడిగితే, “పగిలితే ఎవ్వలు జవాబు జెప్తరు మేడం?” అన్నాడు. తనిఖీకి ఎవరైనా వస్తే పెట్టె బయటికి వచ్చేది, దుమ్ము దులిపించుకునేది, పిల్లలు దూరంగా నిలబడి చూసేవాళ్ళు, మళ్ళీ లోపలికి పోయేది. చివరికి అయస్కాంతాలు తుప్పు పట్టాయి గానీ ఒక్క పిల్ల చేతికి తగలలేదు. నేను ఆకుల్లో పసుపు కలిపి, ఏటి ఇసుక మీద కుండలు పెట్టి కాలం గడిపాను. ఆ తాళం మీద కోపం తగ్గలేదు. చదువంటే చూపించడానికి పెట్టుకునేది అనుకునే జబ్బు గుట్టల్లో బీదరికం వల్ల ఉందేమో, పట్నంలో ఉండదేమో అనుకునేదాన్ని. ఎంత పిచ్చిదాన్ని!

జెస్సీకి ఇదంతా కథగా చెప్పాను, జవాబు చెప్పలేదు. ఆ పిల్లే పట్టుబట్టి రెండు చిన్న కుండలు కొనిపించింది. బాపు చేసిన తప్పునే మళ్ళీ చేసి చూస్తానంది. ఒకదానికి రంగు పూసింది, ఒకదాన్ని వదిలేసింది. బాల్కనీలో తడి ఇసుక పోసిన పళ్ళెంలో పెట్టింది. రోజూ బడి నుంచి రాగానే బూట్లు కూడా విప్పకుండా పోయి చేతులు పెట్టేది. “అమ్మమ్మా, నువ్వు ముందే చెప్పకు” అని నా మీద కేకలేసేది. ఒకరోజు రెండూ ఒకేలా ఉన్నాయని వచ్చి దిగులుగా చెప్పింది. ఆ రోజు మబ్బు పట్టి ఉక్కగా ఉంది. మబ్బుకు, కుండకు ఏం సంబంధమని రాత్రి భోజనం దగ్గర వాళ్ళ నాన్నను తిననివ్వకుండా వేధించింది. ఆ ముఖం చూస్తుంటే నాకు చెన్నూరు వసారా కనిపించింది. బడిలో సైన్స్ ఫెయిర్ అన్నారు, జెస్సీ తన రెండు కుండలే తీసుకుపోతానంది.

ఫెయిర్‌కు ముందు రోజు నేను చెన్నూరులో ఒక ప్రార్థన కూడికకు పోయాను. సాయంత్రం బస్సు దిగి ఇంటికొచ్చేసరికి బాల్కనీలో రెండు కుండలూ బంగారంలా మెరుస్తున్నాయి. రెండూ. పైన పూసలు, అద్దాలు అతికించి ఉన్నాయి. రంగు వాసన ఇల్లంతా. జెస్సీ మూల కూర్చుని వేళ్ళకంటిన బంగారాన్ని గీకుతోంది.

“ఏం చేసినవే సునీతా?” అన్నాను.

“టీచర్ మెసేజ్ పెట్టింది అమ్మా. ఎగ్జిబిట్స్ అందంగా ఉండాల్నట, లేకుంటె ముందు వరసల పెట్టరట.”

“రెండింటికి పూస్తె ఇంకేం మిగిలిందే? రెండిట్ల నీళ్ళు వేడైతయ్. పిల్ల ఏం జెప్పాలె?”

“రాసిచ్చిన, బట్టీ పట్టింది. మంచిగ జెప్తది.” సునీత గొంతు లేచింది. “అందరు షాపుల ఆర్డరిచ్చి తెస్తున్నరు. నా బిడ్డ రెండు మట్టికుండలు పట్టుకొని నిలబడాల్నా? నా చిన్నప్పుడు నువ్వు నన్ను గట్లనే పంపినవ్. నవ్వినోళ్ళ మొఖాలు నాకింక యాదికున్నయ్. నీ కాలం వేరు అమ్మా. ఆడ ఎవ్వలు చెయ్యి పెట్టి చూడరు. చూసి పోతరు, గంతే.”

నేను మా బాపు బిడ్డను. రంగు గీకే ఉప్పు కాగితం తెచ్చి కూర్చున్నాను. రంగు పోలేదు, మట్టి రంధ్రాల్లోకి దిగింది. గీకిన చోటల్లా మచ్చలు పడ్డాయి. సునీత ఏడ్చింది. జెస్సీ వచ్చి నా చెయ్యి పట్టుకుంది. “వద్దు అమ్మమ్మా. మమ్మీ పొద్దటి నుంచి చేసింది. నేను చెప్త, పర్వాలేదు” అంది. ఆ ‘పర్వాలేదు’ విని కాగితం పక్కన పెట్టేశాను. తల్లి మనసు నొప్పించకుండా ఉండటానికి ఆ పిల్ల తన కళ్ళతో చూసింది వదులుకుంటోంది. మొలవని గింజలను గాబు కిందికి తోసి దానేలు చేసినదాని కంటే పెద్ద పనే అది. దానేలును ఆపడానికి అవ్వ ఉంది. ఇక్కడ ఆ పనిని నేర్పుతున్నదే బడి.

ఫెయిర్ ఒక పెద్ద హాలులో. వరసగా బల్లలు. థర్మకోల్ అగ్నిపర్వతాలు, ఒకే షాపు నుంచి వచ్చిన ఒకే రకం రాకెట్లు, గ్రహాలు తిరిగే గుండ్రాలు. టై కట్టుకున్న పిల్లలు ఊపిరి తీసుకోకుండా ఇంగ్లీషులో ఒప్పజెబుతున్నారు, వెనక తల్లులు పెదవులు కదుపుతున్నారు. జెస్సీ బల్ల మీద మెరిసే గుడ్డ, దాని మీద రెండు బంగారు కుండలు, నేను గీకిన మచ్చల మీద సునీత రాత్రే మళ్ళీ రంగు పూసింది. వాటి ముందు రెండు బోర్డులు. ఒకటి రంగు వేసిన కుండ. రెండోది రంగు వేయని కుండ. ఆ రెండో బోర్డు వెనక, పూసలు అతికించుకుని, ధగధగలాడుతూ, రంగు వేయని కుండ! నేను పక్కన నిలబడి చూస్తూనే ఉన్నాను. ఎంతమంది వచ్చారు, చదివారు, ఫొటోలు తీసుకున్నారు. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు ఆగి, ఇదేంటి అనలేదు. పైన పటారం లోన లొటారం అని మావాళ్ళు ఊరికే అనలేదు.

జడ్జీలు ముఖ్య అతిథితో కలిసి వచ్చారు. అందులో ఒకాయన కాలేజీలో సైన్స్ చెబుతాడట. జెస్సీ చేతులు కట్టుకుని ఒప్పజెప్పింది, రంగు వేయని కుండలో నీళ్ళు చల్లగా ఉంటాయని, వేసినదానిలో ఉండవని. తల ఎత్తలేదు. “వెరీ నైస్” అన్నాడాయన. నాకు ఆగలేదు. “సార్, జర చెయ్యి పెట్టి చూడున్రి. రెండిట్ల పెట్టి చూడున్రి” అన్నాను. అందరూ నా వైపు తిరిగారు. జెస్సీ తల ఎత్తింది. ఆ కళ్ళల్లో ఒక్క క్షణం ఆశ కనిపించింది, నేను మర్చిపోను. ఆయన నవ్వి, “పర్వాలేదమ్మా, కాన్సెప్ట్ అర్థమైంది” అని పక్క బల్లకు పోయాడు. కాన్సెప్ట్ అర్థమైందట! టీచరు వచ్చి, “గ్రాండ్‌మా, ప్లీజ్, మీరు బయట కూర్చోండి” అంది. కూర్చున్నాను. బయటికి చప్పట్లు వినిపించాయి. మొదటి బహుమతి.

ఆటోలో జెస్సీ షీల్డును ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. “అమ్మమ్మా, ఆ సార్‌కు చదువొచ్చు కదా?” అంది. వచ్చు అన్నాను. “బోర్డు కూడ చదివిండు” అంది. సునీత నా వైపు తిరిగి, “చూసినవా అమ్మా?” అంది నవ్వుతూ. చూశాను. నా కూతురు అన్నది అక్షరాలా నిజమైంది. దాన్ని తిట్టడానికి నాకు నోరు రాలేదు. అది బతకడానికి ఏం కావాలో అది చేసింది. నా కోపమంతా, ఒక తల్లి అలా చేయకపోతే పిల్ల వెనక వరసలో నిలబడాల్సి వచ్చే ఆ హాలు మీద. మా పాస్టరు అయ్యగారు సైన్స్ చదవలేదు. ఆయన అంగీ చెయ్యి తడిసింది. ఈయన కోటు మడత కూడా నలగలేదు.

ఆ తర్వాత ఆదివారం నేను బజారుకు పోయి మళ్ళీ రెండు కుండలు తెచ్చాను. ఒకదానికి నేనే రంగు పూసి, రెండూ బాల్కనీలో ఇసుక మీద పెట్టాను. నీళ్ళు పోశాను. సాయంత్రం జెస్సీని పిలిచాను. సోఫాలో ఫోను చూస్తూ, “నాకు తెల్సు అమ్మమ్మా. చెయ్యి పెట్టుడెందుకు? ప్రైజ్ వచ్చింది కదా. వచ్చేసారి నేను అగ్నిపర్వతం కొనుక్కుంట, గది ఈజీ” అంది.

నా ఒళ్ళంతా మండిపోయింది. “లెవ్వే!” అని అరిచాను. ఆ గొంతు నాది కాదు, మా అవ్వది. “ఫోను ఆడ పెట్టు. చేతులు కడుక్కొని ఇటు రా.” జెస్సీ అదిరిపడి లేచింది. నేను ఎప్పుడూ ఆ పిల్ల మీద అరవలేదు. కళ్ళల్లో నీళ్ళు పెట్టుకుని వచ్చింది. “నేనన్నది గాదు, మీ టీచరన్నది గాదు, ఆ షీల్డు అన్నది గాదు. నీ చెయ్యి ఏమంటున్నదో చెప్పు” అన్నాను.

ముక్కు ఎగబీల్చుకుంటూ రంగుదానిలో పెట్టింది. తీసింది. మట్టిదానిలో పెట్టింది. తీయలేదు. మోచేతి దాకా దించి అలాగే నిలబడింది, కుండ వైపు చూస్తూ. ఏడుపు ఆగింది. కనుబొమ్మలు దగ్గరికొచ్చాయి. తర్వాత నా వైపు తిరిగింది, ముఖం ఎర్రగా, నాలాగే కోపంగా.

“గిది చల్లగుంది” అంది. “మరి ఆ బంగారు కుండలు రెండు వేడిగున్నయ్ కదా అమ్మమ్మా. నాకు ప్రైజ్ ఎందుకిచ్చిండ్రు?”

“నాకు ఎర్కలే బిడ్డా” అన్నాను. “రేపు బళ్ళె అడుగు.”

వంటింట్లోంచి సునీత, “అమ్మా!” అని కేక పెట్టింది.

“అడగనీ” అన్నాను.